పసుపు నీళ్ళ వల్ల కాదు

ఒక మాట ఇన్నేళ్ళుగా నా లోపల అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. పెళ్ళి భోజనాల దగ్గరా, ఆఫీసులోనూ, పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నప్పుడూ అది నాతోనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పే ధైర్యమే నాకుంటే, ఇదంతా ఆ రోజే తేలిపోయేది.

హత్య చెయ్యలేదు. ఎవరి ఇల్లూ దోచుకోలేదు. ఒక ప్రశ్న అడిగాను, అంతే. అడగాల్సిన అవసరం ఏమాత్రం లేని ప్రశ్న. దాంతో నేను చేసిన తప్పు యశోద అనే ఇల్లాలి నెత్తిన పడింది. పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

మొదటినుంచీ చెప్తాను. నా పేరు మీకెందుకు లెండి. మాది కృష్ణా జిల్లా. సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాను, కిషన్‌బాగ్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆఫీసుకు మొట్టమొదటి కంప్యూటర్లు వచ్చినప్పుడు, మిగతావాళ్ళు ముట్టుకుంటే కాలుతుందేమో అన్నట్టు దూరంగా నిలబడితే, నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజునుంచి నేను కంప్యూటర్ సార్‌ని. ఆ పిలుపంటే నాకెంత ఇష్టమో చెప్తే నవ్వుతారు. ఎవరింట్లో ప్రింటరు మొరాయించినా నన్నే పిలవాలి. పిలవకుండా ఇంకెవరినైనా పిలిస్తే రెండు రోజులు వాళ్ళతో ముభావంగా ఉండేవాణ్ణి. అంత పిచ్చి.

నర్సింగ్ ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మలు చేసేవాడు. మా వీధి మండపానికి ఏటా అతని దగ్గరే తెచ్చేవాళ్ళం. అలా పరిచయం. అచ్చులు పొయ్యడం, అతుకులు సరిచెయ్యడం, రంగులు కొట్టడం అంతా అతని పని. కళ్ళు మాత్రం అతని భార్య యశోద దిద్దేది. కళ్ళు అన్నిటికన్నా ఆఖర్న పెడతారు. ఆ పని ఉన్న రోజు ఆమె పొద్దున్నే తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా స్టూలెక్కి నిలబడేది. సన్నటి బ్రష్షు. ఊపిరి బిగబట్టి ఒక్క గీత. మరీ గుడ్లురిమి చూసేలాగానూ కాదు, మరీ నిద్రమొహంలాగానూ కాదు, ఎదురుగా నిలబడ్డవాణ్ణి "ఏం రా, అన్నం తిన్నావా" అని అడుగుతున్నట్టుండేవి ఆ కళ్ళు. మండపాల వాళ్ళు వచ్చి, బొమ్మ ఎంత ఎత్తో తర్వాత మాట్లాడుదాం, ముందు కండ్లు వదినెతోనే పెట్టియ్యాలె అనేవాళ్ళు.

అంత పని చేసిన మనిషికి ఏం మిగులుతుందో ఆలోచించండి. బొమ్మ మహా అయితే పదిరోజులు పూజలందుకుని నీళ్ళలోకి పోతుంది. అందుకే ఆ ఇంట్లో నర్సింగ్ తండ్రి కాలంనుంచీ ఒక పద్ధతి ఉంది. ప్రతి బొమ్మనూ బండెక్కించే ముందు ఒక ఫోటో తీయిస్తారు. చేసిన పనికి అదొక్కటే ఆనవాలు. ఎవరైనా వచ్చి ఫలానా ఏడాది చేసినట్టు చెయ్యమంటే తీసి చూపించేదీ అదే. అలా ఒక ఇనప్పెట్టె నిండా ఫోటోలు చేరాయి. వానాకాలం చెమ్మకు అవి ఒకదానికొకటి అంటుకుపోవడం మొదలుపెట్టాయి.

నర్సింగ్ ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. డిజిటల్ కెమెరా కొన్నాడు, పాత కంప్యూటర్ ఒకటి సంపాదించాడు. పెట్టెలో ఫోటోలూ, ఇకమీద తీసేవీ అన్నీ ఒక్కచోట భద్రంగా ఉండాలి. కంప్యూటర్ లోపలి డిస్కు చిన్నది, పైగా ముసలిది. బయటనుంచి తగిలించే హార్డ్ డిస్కు మంచిది ఏదో మీరే చూసి తేవాలె సార్, మాకేం తెలుసు, అన్నాడు.

నా ఛాతీ ఎంత ఉబ్బిందో! వరసగా మూడు శనివారాలు సికింద్రాబాదు వెళ్ళి కంప్యూటర్ల దుకాణాలన్నీ తిరిగాను. ఆఫీసులో ఒకాయన దగ్గర పత్రికలు అరువు తెచ్చి చదివాను. అప్పట్లో రెండు రకాలు దొరికేవి. ఒకటి ఇటుకంత ఉంటుంది, దానికి విడిగా కరెంటు ఇవ్వాలి. బల్ల మీద ఒకచోట పెడితే అక్కడే పడి ఉంటుంది. రెండోది అరచేతిలో పట్టేస్తుంది, కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకుంటుంది, సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. వేడెక్కుతుందా, చప్పుడు చేస్తుందా, వారంటీ ఎన్నేళ్ళు, తీగ గట్టిదేనా, అన్నీ అడిగాను. చివరికి చిన్నదే తీసుకున్నాను. ధూల్‌పేటలో కరెంటు ఊరికే పోయి వస్తుంటుంది, పెద్దదానికి ప్రమాదం అని నర్సింగ్‌కు చెప్పాను. అది నిజమే. కానీ ఇంకో నిజం ఉంది. చిన్నదైతే మా ఇంటికి తెచ్చుకోవచ్చు. నాకు వీలు.

దుకాణం అతను ఒక మాట అన్నాడు. "సార్, వారంటీ డబ్బాకే గాని లోపలున్న దానికి గాదు. రెండు తీస్కోండి. ఒకటి పోయినా ఫికర్ ఉండది." అమ్ముకునేవాడు అలాగే అంటాడులే అని నవ్వేశాను. అప్పటికే పత్రికల్లో అదే చదివి ఉన్నాను. ఒక్కచోటే ఉన్నది దాచినట్టు లెక్క కాదు, రెండుచోట్ల ఉంటేనే దాచినట్టు, అని ప్రతివాడూ రాశాడు. అయినా నర్సింగ్‌కు ఎందుకు చెప్పలేదు? నన్ను నేను చాలాసార్లు అడిగాను. మూడు శనివారాలు తిరిగి, ఇంతకన్నా నమ్మకమైనది లేదు అని తెచ్చి చేతిలో పెట్టి, దీన్ని నమ్మకండి, ఇంకోటి కూడా కొనండి అంటే నా మాటకు విలువేముంటుంది? అదీ నా బుద్ధి.

ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ ఫోటోలు స్కాన్ చెయ్యడంతోనే గడిచాయి. మా ఇంట్లో నా స్కానరు మీద ఒక్కొక్కటే ఎక్కించేవాణ్ణి. మెల్లగా ఊడదీస్తుంటే కొన్ని చిరిగేవి, రంగు పక్కదానికి అంటుకునేది. ఎక్కించినవి డిస్కులోకి మార్చి, చోటు చాలక నా కంప్యూటర్‌లోంచి తుడిచేసేవాణ్ణి. పని పూర్తయ్యాక, బూజుపట్టిన ఆ పాత ఫోటోలు ఏం చెయ్యాలన్న సంగతి వచ్చింది. దేవుడి బొమ్మలు కదా, చెత్తలో వెయ్యకూడదు. ఇక పనికిరావు అనుకుంటే పారే నీళ్ళలో కలపాలి. వాళ్ళింట్లో అదీ ఆచారమే. గంగల కలపొచ్చునా సార్ అని యశోద నన్నే అడిగింది. నిశ్చింతగా కలపమ్మా, అన్నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి అన్నాను. పసుపు రాసి, పూలు పెట్టి, మూట కట్టి తీసుకెళ్ళి కలిపేశారు.

ఆమె దిద్దిన కళ్ళన్నీ ఇప్పుడు అరచేయంత డబ్బాలో ఉన్నాయి. దానికి పూచీ నేను. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదా అంటే, తట్టింది. గర్వంగా తట్టింది.

ఇక చెప్పలేక చెప్పే భాగం. ఆ ఏడు వినాయక నిమజ్జనం అయ్యాక మా ఆఫీసులో ఒకతను పాత పాటలు వేలకొద్దీ పోగుచేశాడని తెలిసింది. తెచ్చుకుందామంటే నా దగ్గర అంత పెద్ద డిస్కు లేదు. నర్సింగ్ డిస్కులో బోలెడంత ఖాళీ ఉంది. అడిగితే ఇచ్చేవాడే, సంతోషంగా ఇచ్చేవాడు. కానీ పాటల కోసం అని అడగడానికి నామోషీ వేసింది. అప్పుడప్పుడూ పరీక్ష చేస్తుండాలి, ఓసారి ఇవ్వండి అని పుచ్చుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు పట్టుకెళ్ళి, పాటలు ఎక్కించుకుని, సాయంత్రం స్కూటర్ మీద వస్తున్నాను. క్యారేజీ, డిస్కు రెండూ ఒకే సంచిలో వేసి ముందున్న కొక్కేనికి తగిలించాను. పురానాపూల్ వంతెన దాటుతుంటే గుంతలో చక్రం పడింది. సంచి పిడి తెగింది. క్యారేజీ దొర్లుకుంటూ పోయింది. డిస్కు రోడ్డు మీద ఠప్పున పడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తీసి చూస్తే పైన ఒక్క గీత కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చి తగిలించాను. లైటు వెలిగింది. లోపల టిక్, టిక్, టిక్ అంది. ఆగింది. మళ్ళీ తీసి తగిలించాను. టిక్, టిక్, టిక్. నా ప్రాణం అక్కడికక్కడే పోయినట్టయింది.

నాలుగు రోజులు నేను చెయ్యని పని లేదు. తీగ మార్చాను. ఆఫీసు కంప్యూటర్‌కు పెట్టి చూశాను. చల్లబరిస్తే ఒక్కోసారి పనిచేస్తుందని ఎవరో అంటే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో ఉంచాను. మా ఆవిడ చూసి, ఇదేమిటండీ, కుల్ఫీనా అంది. ఆఫీసుది, దాని పద్ధతి అంతే అని చెప్పాను. చూశారా, ఒకటి మొదలైతే ఇక నోటికి అదే అలవాటైపోతుంది.

దసరా దగ్గరపడింది. నర్సింగ్ వచ్చాడు. ఆయుధపూజకు బ్రష్షులు, రంగు కొట్టే మిషను, కంప్యూటర్ అన్నీ వరసగా పెడతారట, డిస్కు కూడా ఉండాలట. ఇచ్చేశాను. పండగపూట చెడ్డకబురు ఎందుకు, దాటాక చెబుదాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నమ్మండి. నమ్మకపోయినా ఫరవాలేదు. నేనూ ఇప్పుడు పూర్తిగా నమ్మడం లేదు.

దసరా వెళ్ళిన రెండో రోజు, డిస్కు పనిచెయ్యడం లేదని కబురొచ్చింది. వెళ్ళేసరికి ముందుగదిలో నర్సింగ్, అతని తల్లి కూర్చుని ఉన్నారు. యశోద గుమ్మం దగ్గర నిలబడింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. నర్సింగ్, నావల్ల పొరపాటు జరిగింది అని మొదలుపెట్టాలి. డిస్కు చేతిలోకి తీసుకున్నాను. దాని మీద గుండ్రంగా కుంకుమ బొట్టు. తీగ పెట్టేచోట పసుపు మరక. ఆ మరక చూడగానే కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు.

"దీని మీద నీళ్ళేమైనా పడ్డాయా?" అన్నాను.

యశోద ముఖం తెల్లబోయింది. "పసుపు నీళ్లు జల్లిన సార్. లోపల దేవుని ఫోటోలున్నయ్ గద, అందుకే అన్నిటికంటె ముందుగాల దీనికే బొట్టు పెట్టిన. జల్లొద్దా సార్?"

నేను ఆ మరకను బొటనవేలితో రుద్దుతున్నాను. నర్సింగ్ తల్లి తల పట్టుకుంది. "గదేంది పిల్లా! కరెంటు సామానుకు నీళ్లు జల్లుతరా? నీకేం పుట్టింది?"

"రెండే చుక్కలు అత్తమ్మా. పువ్వు ముంచి జల్లిన, గంతే."

"తెల్వకుంటె అడగాలె గద," అన్నాడు నర్సింగ్. కోపంగా కూడా అనలేదు. ఆమెవైపు చూడకుండా, నీరసంగా అన్నాడు. తర్వాత నాకేసి తిరిగాడు. "సార్, నీళ్లతోనేనా?"

అదిగో, అక్కడ ఉంది నా తప్పంతా. ఆ క్షణాన కాదు అనే రెండక్షరాలు చాలు. "ఎలక్ట్రానిక్ వస్తువు కదండీ, తడి తగలకూడదు," అన్నాను. ఎవరైనా ఒప్పుకునే మాట. పాఠం చెప్తున్నట్టు అన్నాను. యశోద తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అది అబద్ధమా? ఎన్నిసార్లు తర్కించుకున్నానో. నీళ్ళవల్లే పోయింది అని నేను అనలేదు. తడి తగలకూడదు అన్నాను. కోర్టులో నిలబెట్టినా నన్ను పట్టుకోలేరు. కానీ కరెంటుకు తగిలించని డబ్బా మీద రెండు చుక్కలు పడితే గంటలో ఆరిపోతాయి, ఏమీ కాదు. ఆ సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసినవాణ్ణని కదా పిలిచారు.

ఇంతటితో ఆగినా బాగుండేది. బాగుచేయిస్తాను అని డిస్కు నాతో తీసుకెళ్ళాను. పోయిన వాటినుంచి కూడా లోపలున్నవి బయటికి తీసేవాళ్ళు అప్పటికే నగరంలో ఒకరిద్దరు ఉన్నారని నాకు తెలుసు. తీసుకెళ్ళలేదు. వాళ్ళు విప్పి చూస్తే, ఇది కిందపడ్డదండీ అంటారు. ఆ ముక్క ఎలాగో ధూల్‌పేటకు చేరుతుంది. నెల పోయాక, చూపించాను, లాభం లేదన్నారు అని నర్సింగ్‌కు చెప్పాను. మీరు మస్తు కష్టపడ్డరు సార్ మాకోసం అన్నాడతను. ఏం చెప్పమంటారు! భూమి చీలి నన్ను మింగితే బాగుండనిపించింది. అయినా టీ తాగే వచ్చాను.

దాన్ని బీరువాలో బట్టల వెనక దాచాను. తర్వాత కొన్నాళ్ళకు మా ఆవిడ ఇల్లు సర్దుతూ, పాడైన రేడియోతోపాటు పాతసామాన్లవాడికి వేసేసింది. అయ్యో అనాలి కదా నేను. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఛీ, నేనేం మనిషిని?

ఇంకొకటుంది. దీన్ని దాటవేద్దామనుకున్నాను. ఆఫీసులో ఒకరోజు కంప్యూటర్ల ముచ్చట వస్తే, ఒకావిడ హార్డ్ డిస్కుకు పసుపు నీళ్ళతో అభిషేకం చేసిందండోయ్ అని చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. నేను ఇంకా రక్తికట్టించి, ఆమె చెంబుతో పోసినట్టు చేత్తో చూపించాను. ఆ తర్వాత ఎవరు కొత్తగా వచ్చినా ఆ కథ చెప్పండి సార్ అని అడిగేవాళ్ళు. చెప్పేవాణ్ణి. చెప్పిచెప్పి ఒక దశలో నాకే అది నిజమనిపించడం మొదలైంది. రెండు చుక్కలు చెంబుడయ్యాయి. పురానాపూల్ గుంత కథలో ఎక్కడా లేదు.

మరుసటి ఏడు మండపం కోసం వెళ్ళాం. బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. యశోద ఒక మూల కూర్చుని తెల్లరంగు కలుపుతోంది. స్టూలు మీద ఎవరో మనిషి నిలబడి కళ్ళు దిద్దుతున్నాడు. కూలికి పిలిచారట. ఎందుకని నర్సింగ్‌ను అడిగాను. ఆమెనే ఒద్దన్నది సార్, నా చెయ్యి మంచిది గాదంటది, అన్నాడు. ఇన్నేళ్ళ దేవుడి ఫోటోలు ఆమె చేతిమీదుగానే పోయాయని అత్తగారు నలుగురిలో అంటూ వచ్చింది. ఆడమనిషి కళ్ళు దిద్దడమే ఆవిడకు మొదటినుంచీ గిట్టదు. యశోద ఎదురు చెప్పలేదట. బ్రష్షు కడిగి పెట్టేసిందట. మా కమిటీవాళ్ళు తొందరపెడుతున్నారు. బొమ్మ చూసుకుని వచ్చేశాను.

ఆ ఏడు మా మండపంలో వినాయకుడి కళ్ళు ఎటో చూస్తున్నట్టుండేవి. హారతి ఇస్తుంటే తల ఎత్తలేకపోయాను.

తర్వాత నాకు నగరానికి అవతలి వైపు బదిలీ అయింది, ఇల్లు మారాం. వెళ్ళేముందు ధూల్‌పేటకు వెళ్ళాను, ఈసారి చెప్పే తీరాలని. నర్సింగ్ నాకోసం కుర్చీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. మోచేతుల దాకా తెల్లరంగుతో యశోద నా ఎదురుగా వచ్చి నిలబడింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సార్, ఒక్క మాట. మీరు సదువుకున్నోళ్లు, నిజం చెప్పుండ్రి. నేను ఆ నీళ్లు జల్లకుంటె, అది మంచిగనే ఉండేటిదా?"

అంతకన్నా మంచి అవకాశం భగవంతుడు కూడా ఇవ్వలేడు. ఆమే వచ్చి, తలుపు తీసి, లోపలికి రమ్మంది.

"అది ఎవరు చెప్పగలరమ్మా," అన్నాను.

"గంతే తియ్యుండ్రి సార్," అని వెనక్కి వెళ్ళి పనిలో కూర్చుంది. కుర్చీ వచ్చింది. కూర్చున్నాను. ఎండల గురించి, కొత్త ఆఫీసు గురించి మాట్లాడి లేచి వచ్చాను. మళ్ళీ ఆ గల్లీలోకి పోలేదు.

ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేసి, మంచి హార్డ్ డిస్కు చెప్పండి సార్ అంటారు. రెండు కొనండి, ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఇంట్లో పెట్టండి, ఎవరి చేతికీ ఇవ్వకండి, ముఖ్యంగా నాబోటివాడికి అంటాను. తమాషా అనుకుని నవ్వుతారు.

ఆమె అడిగినదానికి జవాబు బాకీ ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను. లేదమ్మా యశోదా, మంచిగా ఉండేది కాదు. నువ్వు బొట్టు పెట్టేసరికే అది పోయింది. నీకు అబద్ధం చెప్పి తీసుకెళ్ళి, రోడ్డు మీద పడేసింది నేను. బతికించే దారి ఉందని తెలిసీ దాచిపెట్టింది నేను. నిన్ను చూపించి నలుగురినీ నవ్వించింది నేను. నీ చేతిలో ఏ దోషమూ లేదు.

రాశాను. ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆడుతోంది. ఈ కాగితం ధూల్‌పేటకు పోదు. పోదన్న ధీమాతోనే ఇంత రాశానని మీకూ ఈపాటికి తెలిసే ఉంటుంది. నా ఊపిరి సంగతి ఎలా ఉన్నా, ఈ ఏడు కూడా ఆ ఇంట్లో కళ్ళు ఇంకెవరో దిద్దుతారు.